భుజానికెక్కితే వేడెక్కని ఫిరంగి

సంపాదకులకు నమస్కారం.

భాగాలను ఒక్కొక్కటిగా ఏరుకొని మెకా యంత్రాన్ని, అంటే లోపల పైలట్ కూర్చుని నడిపే భారీ పోరాట రోబోను, కూర్చి, దాన్ని బరిలోకి దింపే మొబైల్ ఆటల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఈ ఆటలను పిల్లల కాలక్షేపంగా కొట్టిపారేయకుండా, వాటి కథలనూ, ఆ కథల చుట్టూ అభిమానులు అల్లుకునే సిద్ధాంతాలనూ ఎంతో ఓపికగా పరిచయం చేసిన వ్యాసకర్తకు నా కృతజ్ఞతలు. అయితే చివర్లో ఆయన చేసిన తీర్మానంతో నాకు పేచీ ఉంది. ఒక ఆయుధం మిగతావాటన్నిటినీ మించిపోయేంత బలంగా ఉందంటే దాని వెనుక కథాపరమైన కారణం ఉంటుందనీ, ఆ కారణాన్ని అభిమానులు ఎప్పుడో పసిగట్టారనీ, ఇంకా ఫిర్యాదు చేసేవాళ్లది ఆడలేక మద్దెల ఓడు అనే బాపతనీ ఆయన రాశారు. నేను ఈ ఆటలు ఏడేళ్లుగా ఆడుతున్నాను. గెలిచినదానికన్నా ఓడిందే ఎక్కువ. మద్దెల మాట నాకూ కొంత తగులుతుందని ఒప్పుకుంటూనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఈ ఆటలో ఆనందం ఎక్కడుందో చెప్పాలి. యుద్ధం రెండు మూడు నిమిషాల్లో తేలిపోతుంది. యంత్రాన్ని కూర్చే హ్యాంగర్‌లో గడిపే సమయానికే లెక్క ఉండదు. తల, మొండెం, చేతులు, కాళ్లు, జనరేటర్, భుజాల మీది ఆయుధాలు, వీటిలో ప్రతిదానికీ బరువుంటుంది, జనరేటర్ తప్ప ప్రతిదీ కొంత విద్యుత్తు తింటుంది, ఆయుధమైతే పేలిన ప్రతిసారీ కొంత వేడి పుట్టిస్తుంది. కాళ్లు మోయగలిగిన బరువు దాటగానే తెర మూలనున్న అంకె ఎర్రబడుతుంది. అక్కడ మొదలవుతుంది అసలు ఆట. క్షిపణుల పెట్టె కావాలంటే ఎడమ భుజం కవచం తీసెయ్యాలి; కవచం ఉండాలంటే చిన్న జనరేటర్‌తో సరిపెట్టుకోవాలి; జనరేటర్ చిన్నదైతే లేజర్ మూడోసారి పేలేలోగా యంత్రం చతికిలబడుతుంది. అరగంటసేపు పెట్టి తీసి, తీసి పెట్టి, చివరికి పరిమితికి సరిగ్గా రెండంటే రెండు అంకెలు తక్కువగా యంత్రం నిలబడినప్పుడు కలిగే తృప్తి, ఆ వెంటనే యుద్ధంలో ఓడిపోయినా పోదు.

మితిమీరిన ఆయుధం పాడుచేసేది ఈ తృప్తినే. ఆటగాళ్లు ఓవర్‌పవర్డ్ అనే మాటను కుదించి ‘ఓపీ’ అని పిలిచే ఆయుధం అంటే పెద్ద దెబ్బ కొట్టేదని చాలామంది అనుకుంటారు. వ్యాసకర్త కూడా అలాగే అనుకున్నట్టుంది. పెద్ద దెబ్బ కొట్టే ఆయుధాల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కర్ణుడికి ఇంద్రుడిచ్చిన శక్తికి ఎదురే లేదు, కానీ పుట్టుకతో వచ్చిన కవచకుండలాలను ఒలిచి ఇస్తే గాని అది చేతికి రాలేదు, వచ్చాక కూడా ఒక్కసారికే పనికొస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్న ఆ ఒక్కసారి, రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. అదే శక్తి అడిగినప్పుడల్లా చేతికొచ్చేదైతే ఆ రాత్రి ఎవరికీ గుర్తుండేది కాదు. నేను ఓపీ అనేది వెల కట్టని బలాన్ని: బరువు లేదు, వేడి లేదు, రీలోడ్‌కు ఆగే పని లేదు, దగ్గరా దూరమూ తేడా లేదు. అలాంటిది ఒక్కటి ఆటలోకి రాగానే హ్యాంగర్‌లో ఆలోచించాల్సిందేమీ మిగలదు. అందరూ దాన్నే తగిలించుకుని వస్తారు, పది యుద్ధాల్లో తొమ్మిదింటిలో అద్దంలో మనల్ని మనమే చూసుకున్నట్టు ఉంటుంది.

ఈ వెల కట్టడం ఎంత సున్నితమైన పనో తెలియాలంటే ఫోన్లు లేని కాలానికి వెళ్లాలి. 1984లో బాటిల్‌డ్రాయిడ్స్ పేరుతో వచ్చి, మరుసటి ఏడాది బాటిల్‌టెక్‌గా పేరు మార్చుకున్న బల్లమీది ఆటలో యంత్రాల బరువు 20 టన్నుల నుంచి 100 టన్నుల వరకు ఉంటుంది. అందులో పీపీసీ అనే కణఫిరంగి 7 టన్నులు తూగి, 10 పాయింట్ల దెబ్బ కొట్టి, 10 పాయింట్ల వేడి పుట్టిస్తుంది. మీడియం లేజర్ ఒక్క టన్నే. దెబ్బ 5, వేడి 3. అంటే రెండు టన్నుల లేజర్లు, ఏడు టన్నుల ఫిరంగితో సమానంగా కొడుతూ, వేడి కూడా తక్కువే పుట్టిస్తాయి. మొదటిసారి ఈ లెక్క వేసినవాడు ఎవడైనా లేజర్ ఓపీ అని అరుస్తాడు, నేనూ అరిచాను. తర్వాత దూరాలు చూస్తే సంగతి బోధపడుతుంది. లేజర్ 9 గడుల దాకానే పోతుంది, ఫిరంగి 18 గడుల దాకా పోతుంది. తొమ్మిది గడులు నడిచి దగ్గరకు వచ్చేలోగా లేజర్ల యంత్రం ఎన్ని దెబ్బలు తింటుందన్నదే దాని అసలు వెల. పైగా మరీ దగ్గరకు వచ్చిన శత్రువు మీద ఫిరంగి గురి తప్పుతుంది. ఇంత ఆలోచన నాలుగు అంకెల్లో ఇమిడి ఉంది.

అదే ఆటలో 1990లో క్లాన్లు అనే యోధ తెగల సామగ్రి వచ్చింది. ఆరు టన్నులకే 15 పాయింట్ల దెబ్బ కొట్టి, 23 గడుల దూరం పోయే పీపీసీ; ఒక్క టన్నుకే 7 పాయింట్లు కొట్టి, 15 గడులు పోయే లేజర్. ఎవరు ఎలా చూసినా ఇది మితిమీరిన సామగ్రే. వ్యాసకర్త వాదనకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు, ఎందుకంటే ఆ బలానికి కథలో నిజంగానే కారణం ఉంది. రెండున్నర శతాబ్దాల కిందట కెరెన్‌స్కీ అనే సేనాని వెంట తెలిసిన లోకాన్ని విడిచి వెళ్లిన సైన్యం వారసులు వీళ్లు. వదిలి వచ్చిన చోట విద్యలు యుద్ధాల్లో నశిస్తుంటే, వీళ్ల దగ్గర అవి పెరుగుతూ వచ్చాయి. అంతకుముందు, 1980ల నాటి పుస్తకాల్లోనే, వుల్ఫ్స్ డ్రాగూన్స్ అనే కిరాయి దళం ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ అంతుపట్టని మిస్టరీగా ఉండేది. అందరూ అతుకుల యంత్రాలతో నెట్టుకొస్తున్న కాలంలో వాళ్ల దగ్గర మాత్రం సమృద్ధిగా, మచ్చలేని సామగ్రి ఉండేది. ఆ సామగ్రినే ఆధారంగా పట్టుకుని పాఠకులు ఊహించుకోగలిగారు, తర్వాత వాళ్లు క్లాన్లు పంపిన వేగులని తేలింది. అభిమానుల సిద్ధాంతం అనే మాటకు నా మనసులో ఉన్న కొలబద్ద ఇది.

కానీ రచయితలు అక్కడితో చేతులు దులుపుకోలేదు. కథ ఉంది కదా అని అంకెలను అలా గాలికి వదలలేదు. క్లాన్ యోధులు యుద్ధానికి ముందు పందెం పాడాలి, ఎవరు తక్కువ బలగంతో గెలుస్తానంటే వాళ్లకే యుద్ధం. బరిలో ఒకరితో ఒకరే తలపడాలి, ఒకడి మీద ఇద్దరు పడితే పరువు పోతుంది. ఆ తర్వాత బాటిల్ వాల్యూ అనే పాయింట్ల లెక్క వచ్చి, ఒక క్లాన్ యంత్రానికి ఎదురుగా మామూలు యంత్రాలు ఎన్నిటిని నిలబెట్టవచ్చో తేల్చింది. మొదట్లో ఇది చాలలేదనీ, బలం అటువైపే మొగ్గిందనీ పాత ఆటగాళ్లు ఇప్పటికీ అంటారు. వాళ్ల మాట నిజమే. అయినా కథ చెప్పిన నోటితోనే వెల కూడా చెప్పాలన్న బాధ్యత అక్కడ కనిపిస్తుంది. వ్యాసకర్త కథను చూపించి వెల అడగొద్దంటున్నారు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నేనూ మా మేనల్లుడూ ఆడే ఆటలో (పేరు అనవసరం) కొద్ది నెలల కిందట ఒక ఫిరంగి వచ్చింది. దాని వివరణలో, మొదటి యుద్ధంలో కూలిన యంత్రం గుండెలోంచి తీసిన లోహంతో చేసినదని ఒకే వాక్యం ఉంది. గొట్టం మీద అరిగిపోయిన ఏడో నంబరు. అంతే చాలు కదా, వారం తిరక్కుండా సిద్ధాంతాలు పుట్టుకొచ్చాయి. ఆట ఆరంభంలో కనిపించి మాయమయ్యే పైలట్ జాకెట్ మీద కూడా ఏడే ఉంటుంది కనుక అతని ఆత్మ ఈ ఫిరంగిలో ఉందనీ, అందుకే ఇది వేడెక్కదనీ ఒక వర్గం. అతని యంత్రానికి ఎడమ చెయ్యి ఎర్రది కనుక ఎర్ర చెయ్యి తగిలిస్తే ఫిరంగి మరింత వేగంగా పేలుతుందని ఇంకో వర్గం. ఆ రెండో వర్గానికి మా ఇంట్లో ప్రతినిధి మా మేనల్లుడు.

“మామయ్యా, నువ్వే చూడు, చెయ్యి మార్చగానే చప్పుడే మారిపోతోంది,” అన్నాడు.

చప్పుడు వద్దు, లెక్క కావాలన్నాను. సాధన మైదానంలో కదలని దిష్టిబొమ్మను నిలబెట్టి, నిమిషంపాటు వేలు తీయకుండా పేల్చి, తెరను రికార్డు చేసి, ఆ వీడియోను మెల్లగా నడిపిస్తూ ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టాం. ఎర్ర చేత్తో మూడు విడతల్లో 41, 41, 42. మామూలు చేత్తో 41, 42, 41. వాడి ముఖం చూసి నాకే జాలేసింది, ఎందుకంటే సిద్ధాంతంగా అది బాగుంది. కానీ ఆ లెక్కపెట్టే పనిలో మేము వెతకనిది ఒకటి దొరికింది. ఫిరంగిని చేతికి తగిలించినప్పుడు తెర మీద వేడిని చూపే పట్టీ, ఫిరంగి అంకెల్లో రాసినట్టే మెట్టు మెట్టుగా పెరుగుతోంది. అదే ఫిరంగిని భుజం మీద పెడితే మూడో పేలుడు తర్వాత పట్టీ కదలడం మానేస్తోంది. గెలిచేవాళ్లంతా దాన్ని భుజం మీదే ఎందుకు పెట్టుకుంటున్నారో అప్పుడు అర్థమైంది. ఆత్మ చేతుల్లో ఉండదు, భుజాల మీదే ఉంటుందని ఎవరూ అనలేదు మరి.

ఆ తర్వాతి అప్‌డేట్‌లో భుజం మీద కూడా వేడి పెరగడం మొదలైంది. నిర్మాతల ప్రకటనలో దీని గురించి ఉన్నది ఒక్క ముక్కే: కొన్ని లోపాలు సరిదిద్దామని. ఏ లోపం, ఎన్నాళ్లనుంచి, దానివల్ల ఎవరు ఎంత నష్టపోయారు, ఏదీ లేదు. ఆ ఖాళీని అభిమానులు ఎలా పూరించారో చెబితే మీరు నవ్వుతారు. పైలట్ పగ చల్లారిందట, అందుకే ఫిరంగికి మామూలు ఫిరంగుల స్వభావం వచ్చిందట. కథగా నాకూ నచ్చింది. కానీ ఆ ఫిరంగి కోసం ఆటలో డబ్బులా చెల్లే రత్నాలు నెలల తరబడి కూడబెట్టి, అన్నీ పోసి, అది చల్లబడ్డాక, కాదు, వేడెక్కాక, ఏమీ అర్థంకాక మిగిలిపోయిన ఆటగాళ్లు ఉన్నారు. వాళ్ల ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాళ్ల బదులు ఒక పైలట్ ఆత్మ జవాబు చెప్పింది. ఈ సిద్ధాంతాలతో నాకున్న అభ్యంతరమల్లా ఇక్కడే: అవి నిర్మాతల అంకెలకు ఊరికే వకాల్తా పుచ్చుకుంటాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కళ్లెదుట కదలని వేడి పట్టీని వదిలేసి జాకెట్ మీది నంబర్ల వెంట పడ్డాం.

బలం తేడా గోరంతేనని, దానికి ఇంత రాద్ధాంతం అక్కర్లేదని కూడా వ్యాసంలో ఉంది. ఈ ఆటల్లో గోరంతకూ కొండంతకూ మధ్య దూరం ఒక్కోసారి ఒక్క అంకే. శత్రువు కవచం 1000 పాయింట్లు అనుకుందాం. మీ ఫిరంగి దెబ్బ 249 అయితే నాలుగు దెబ్బలకు 996 అవుతుంది, వాడు ఇంకా నిలబడే ఉంటాడు, ఐదో దెబ్బ కావాలి. దెబ్బ 250 అయితే నాలుగే చాలు. రెండు సెకన్లకొకసారి పేలే ఫిరంగి అయితే ఎనిమిదో సెకనులో పడాల్సినవాడు ఆరో సెకనులోనే పడతాడు, ఆ రెండు సెకన్లలో వాడు మిమ్మల్ని కొట్టాల్సిన దెబ్బ కొట్టలేడు. ఇక 250ని 333 దాకా పెంచండి, ఏ తేడా ఉండదు. మూడు దెబ్బలకు 999 మాత్రమే, మళ్లీ నాలుగోది కావాల్సిందే. ఒక్క అంకె పెంచితే యుద్ధం తారుమారవుతుంది, ఎనభై మూడు అంకెలు పెంచినా ఏమీ కాదు. అందుకే శాతాల్లో చెప్పిన బలాన్ని నేను నమ్మను. ఎన్ని దెబ్బలకు పడతాడని అడుగుతాను. ‘నెర్ఫ్’ చేశామని నిర్మాతలు ప్రకటించినప్పుడు కూడా అడగాల్సింది ఇదే. స్పాంజి తూటాలు పేల్చే బొమ్మ తుపాకుల పేరు నుంచి వచ్చిన ఈ మాటకు, ఆయుధాన్ని మెత్తబరచడం అని అర్థం. 333ని 260కి తగ్గించి నెర్ఫ్ అంటే అందులో మెత్తదనమేమీ లేదు.

సిద్ధాంతాల్లో ఇంకో రకం ఉంది, దాన్ని వ్యాసకర్త ముట్టుకోలేదు. అది గాచా పెట్టెల చుట్టూ, అంటే లోపల ఏ భాగం వస్తుందో అదృష్టానికే వదిలేసే పెట్టెల చుట్టూ, తిరుగుతుంది: అర్ధరాత్రి తెరిస్తే వస్తుందనీ, హ్యాంగర్‌లోకి మూడుసార్లు వెళ్లివచ్చి తెరిస్తే వస్తుందనీ. 1948లో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆకలిగొన్న పావురాలకు, అవి ఏం చేస్తున్నాయన్నదానితో సంబంధం లేకుండా, నిర్ణీత సమయానికొకసారి గింజలు అందేలా ఏర్పాటు చేశాడు. కొద్దిసేపట్లోనే ఒక పావురం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, ఇంకొకటి పంజరం పైమూలలోకి తల పొడవడం మొదలుపెట్టింది, గింజలు దానివల్లే వస్తున్నట్టు. అర్ధరాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్న నన్ను నేను ఆ పంజరంలో గుర్తుపట్టాను. వందకు ఒకటి చొప్పున వచ్చే భాగం కోసం వంద పెట్టెలు తెరిస్తే తప్పకుండా వస్తుందనుకుంటాం. లెక్కవేస్తే కనీసం ఒకటైనా వచ్చే అవకాశం 63 శాతమే, మిగతా 37 శాతం మంది వందా తెరిచి ఖాళీ చేతులతోనే లేస్తారు.

అలాగని ఆటగాళ్ల అనుమానాలన్నీ పావురాల నాట్యమని నేను అనను. దక్షిణ కొరియాకు చెందిన మేపుల్ స్టోరీ ఆటలో, సామగ్రికి ఉండే అదనపు గుణాలను మార్చే క్యూబులు అమ్ముతారు. కొన్ని మంచి గుణాల కలయిక ఎంతకీ రావడం లేదని ఆటగాళ్లు అనుమానించారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటున్నారని అప్పట్లో ఎవరైనా అని ఉండవచ్చు. 2021లో నిర్మాతలు సంభావ్యతలు బయటపెట్టాక, కొన్ని కలయికలు అసలు రాకుండానే ఏర్పాటై ఉన్నాయని తేలింది. ఆ సున్నా సంభావ్యత 2011 నుంచీ ఉందనీ, ఆటగాళ్లకు చెప్పలేదనీ నిర్ధారించి, 2024 జనవరిలో వ్యాపారాల్లో న్యాయం చూసే ఆ దేశపు ఫెయిర్ ట్రేడ్ కమిషన్, ఆట నిర్మాత నెక్సాన్ సంస్థకు సుమారు 1,160 కోట్ల వొన్‌ల జరిమానా వేసింది. అదే ఏడాది మార్చి 22 నుంచి సంభావ్యతలను ప్రకటించడం అక్కడ చట్టప్రకారం తప్పనిసరి అయింది. అదీ అనుమానంగానే మొదలైంది. దాన్ని నిలబెట్టింది మాత్రం అంకె, ఆ అంకె బయటికొచ్చేదాకా అడుగుతూనే ఉండడం. ఎర్ర చెయ్యి సిద్ధాంతమూ, మేపుల్ స్టోరీ అనుమానమూ పుట్టినప్పుడు ఒకేలా ఉంటాయి. లెక్కపెడితేనే ఏది ఏదో విడిపోతుంది.

కాబట్టి సంపాదకులకు నా మనవి ఒకటే. ఇకమీదట ఇలాంటి ఆటల్లోకి వచ్చే కొత్త ఆయుధాన్ని మీ అనుబంధంలో పరిచయం చేసేటప్పుడు, దాని కథతోపాటు దాని బరువు, వేడి, రీలోడ్ సమయం, ఎంత దూరం పోతుంది, మధ్యరకం కవచాన్ని ఎన్ని దెబ్బలకు పడగొడుతుంది అన్నవి పక్కన చిన్న పెట్టెలో ప్రచురించండి. అభిమానుల సిద్ధాంతాన్ని ప్రస్తావించినప్పుడు, దాన్ని ఎవరైనా పరీక్షించారో లేదో ఒక వాక్యంలో రాయండి. పరీక్షించలేదంటే అది సిద్ధాంతం విలువను తగ్గించదు, పాఠకుల్లో ఎవరికో ఆదివారం మధ్యాహ్నానికి పని దొరుకుతుంది.

మా ఇంట్లో ఆ పని అప్పుడే మొదలైంది. నీలం కాళ్లు తగిలిస్తే యంత్రం దూకినప్పుడు శత్రువు క్షిపణుల గురి తప్పుతుందనీ, ఎందుకంటే ఆ పైలట్ చెల్లెలి యంత్రానికి కాళ్లు నీలమేననీ మా మేనల్లుడు నిన్న ఫోన్ చేసి చెప్పాడు. నోటుపుస్తకంలో రెండు వరుసల గడులు గీసి ఉంచాను. ఒక్కో వరుసకు యాభై క్షిపణులు.

భవదీయుడు,
మీ అనుబంధం పాఠకుడు